రెండేళ్లుండి వచ్చేద్దామని...

పల్లె వదిలి పట్నం చేరిన పెద్దవాళ్లని ఎవరినైనా కదిలించండి. "రెండేళ్లుండి నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చేద్దామనే బయల్దేరాం" అంటారు. అన్నాయన మనవరాలికి ఆ పట్నంలోనే పెళ్లిచూపులు జరుగుతుంటాయి. పట్నాలూ అలాగే లెక్కేసుకున్నాయి. వచ్చినవాళ్లు పని ముగియగానే మూటాముల్లె సర్దుకుని పోతారనుకున్నాయి. లెక్క రెండువైపులా తప్పింది. అలా లెక్క తప్పిన చోట్ల దొరికిన విశేషాలు ఇవి.

తెల్లారేసరికి ఇల్లు

ఇల్లు కట్టి చూడు అని మన సామెత. టర్కీలో పల్లెల నుంచి ఇస్తాంబుల్‌కీ, అంకారాకీ వచ్చిన జనం దాన్ని ఒక్క రాత్రిలో కట్టి చూపించారు. ఆ ఇళ్లకి అక్కడి పేరు 'గెజెకొండు'. గెజె అంటే రాత్రి, కొండు అంటే వాలింది. రాత్రికి రాత్రి వచ్చి వాలిన ఇల్లన్నమాట. పొద్దు పొడిచేసరికి నాలుగు గోడలూ పైకప్పూ ఉంటే ఆ ఇంటిని అప్పటికప్పుడు కూల్చకూడదని అక్కడ పాతకాలం నుంచీ ఒక నమ్మకం. అందుకని చీకటి పడ్డాక చుట్టాలూ, ఊరివాళ్లూ, ముందే వచ్చి స్థిరపడ్డ పక్కింటివాళ్లూ కలిసి పనిలోకి దిగేవాళ్లు. ఇటుకా రేకూ తలుపూ ముందే ఎక్కడో దాచి ఉంచేవాళ్లు. కూల్చడానికి సిబ్బంది వచ్చేటప్పటికి లోపల పొయ్యి వెలుగుతూ, పిల్లలు నిద్రపోతూ ఉండాలి. మిగతా గదులు, కిటికీలు, సున్నం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

1966లో టర్కీ ప్రభుత్వం వీటి మీద ఒక చట్టమే చేసింది. దాని పేరులోనూ 'గెజెకొండు' అనే మాటే పెట్టింది. పేదవాడి మాట చట్టం పేరుకెక్కడం అరుదు. ఆ ఇళ్లని క్రమబద్ధం చేసే చట్టాలు ఆ తర్వాతా వచ్చాయి. ఎన్నికలకీ పట్టాలకీ ఉన్న చుట్టరికం గురించి తెలుగు పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు.

దురదగొండి లాంటి ఒక మొక్క

బ్రెజిల్ మురికివాడల్ని 'ఫవేలా' అంటారని సినిమాలు చూసినవాళ్లకి తెలుసు. అది నిజానికి ఒక మొక్క పేరు. ఈశాన్య బ్రెజిల్ కరువు నేలల్లో పెరుగుతుంది, ఆకు తగిలితే ఒళ్లు మండుతుంది. అక్కడ కనుదోస్ అనే ఊళ్లో పేదలు తిరగబడితే అణచడానికి సైన్యాన్ని పంపారు. ఆ ఊరి పక్కన ఈ మొక్కలు మొలిచిన గుట్ట ఒకటి ఉండేది. 1897లో యుద్ధం ముగిసి సైనికులు రియో డి జనైరోకి తిరిగొచ్చారు. ఉండటానికి చోటు దొరక్క నగరం మధ్యలో ఒక కొండెక్కి గుడిసెలు వేసుకున్నారు. ఆ కొండని ఫవేలా కొండ అన్నారు. తర్వాత అలాంటి ప్రతి వాడకీ అదే పేరైపోయింది.

కనుదోస్‌లో ఇళ్లు కూలగొట్టి వచ్చినవాళ్లు ఇళ్లు లేక కట్టుకున్నదే మొదటి ఫవేలా. 2022 జనగణన నాటికి బ్రెజిల్‌లో ఫవేలాల్లో ఉన్నవాళ్లు 1.64 కోట్ల మంది. లెక్కలు రాసేవాళ్లు చాలాకాలం వాటిని 'సాధారణ స్థాయికి తక్కువైన సముదాయాలు' అనే అర్థంలో ఏదో కార్యాలయ భాషలో పిలిచారు. 2024లో ఆ పేరు తీసేసి, జనం అనే మాటే, ఫవేలా అనే, రాయడం మొదలుపెట్టారు.

పేర్లలో ఏముందంటే

పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి అని మనం పోలిక చెబుతాం. చిలీలో పోలికతో ఆగలేదు. ఆ వాడల్ని 'కయాంపాలు' అన్నారు, అంటే పుట్టగొడుగులే. ఫ్రెంచి పాలనలో ఉన్న మొరాకోలో 'బిదోన్‌విల్' అన్నారు. బిదోన్ అంటే డబ్బా, విల్ అంటే పట్నం. నూనె డబ్బాలు చదును చేసి గోడలుగా కొట్టుకున్న డబ్బారేకుల పట్నం. పెరూలో మాత్రం ప్రభుత్వమే ముద్దుపేరు పెట్టింది: 'ప్యూబ్లోస్ హోవెనెస్', అంటే లేత ఊళ్లు. నీళ్లూ కరెంటూ వెంటనే ఇవ్వలేకపోయినా పేరు మాత్రం ఇచ్చారు.

ఇసుకలో గీసిన ఊరు

ఆ లేత ఊళ్లలో ఒకదాని కథ వినదగ్గది. 1971లో పెరూ రాజధాని లిమాలో కొన్ని వందల కుటుంబాలు ఖాళీ జాగా ఆక్రమించాయి. చూస్తుండగానే అవి వేలయ్యాయి. గొడవ పెద్దదై, చివరికి ప్రభుత్వం వాళ్లని నగరానికి దక్షిణాన ఉన్న ఎడారిలోకి తరలించింది. అక్కడ చెట్టు లేదు, చుక్క నీరు లేదు. రెల్లు చాపలు నిలబెట్టి గోడలన్నారు.

మరి ఆ ఇసుకలో ప్లాను ఎలా గీశారో చూడండి. 24 ఇళ్ల స్థలాలు కలిస్తే ఒక బ్లాకు. 16 బ్లాకులు కలిస్తే ఒక గుంపు. ప్రతి గుంపుకీ నడిమధ్యన ఖాళీ స్థలం: అక్కడే బడి, అక్కడే మైదానం, సమావేశాలూ అక్కడే. మన కాలనీల్లో పార్కు స్థలం కాపాడుకోవడానికి కోర్టు మెట్లెక్కేవాళ్లు ఇది రెండుసార్లు చదువుకోవాలి. ఆ ఊరి పేరు వియ్యా ఎల్ సాల్వడార్. 1987లో స్పెయిన్ దేశపు 'ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్' అవార్డు వచ్చింది, అక్కడి మనిషి ఎవరికో కాదు, ఏకంగా ఊరికే.

కట్టినవాళ్లకి ఇల్లు లేని రాజధాని

అడవీ గడ్డీ తప్ప ఏమీ లేని చోట బ్రెజిల్ కొత్త రాజధాని కట్టింది. 1956లో మొదలైన పని పూర్తి కాకముందే 1960 ఏప్రిల్ 21న బ్రసీలియా ప్రారంభమైంది. నగరం పైనుంచి విమానం ఆకారంలో కనిపిస్తుంది. లోపం ఒకటే. కట్టడానికి వచ్చిన వేలాది కూలీలు కట్టడం అయ్యాక ఎక్కడుండాలో ఆ బొమ్మలో లేదు. వెళ్లిపోతారనే అనుకున్నారు. వెళ్లలేదు. రాజధాని ప్రారంభానికి రెండేళ్ల ముందే, 1958లో, వాళ్లకోసం దూరంగా తగువటింగా అనే ఊరు పుట్టించాల్సి వచ్చింది.

1971లో నగరం చుట్టుపక్కల గుడిసెల్లో ఉన్నవాళ్లని మరో చోటికి తరలించారు. ఆ పని పేరు 'ఆక్రమణల నిర్మూలన కార్యక్రమం'. పోర్చుగీసులో ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే సి.ఇ.ఐ. కొత్త ఊరికి ఆ అక్షరాలతోనే 'సెయిలాండియా' అని పేరు పెట్టారు. అంటే, మిమ్మల్ని ఖాళీ చేయించాం అన్న సంగతే ఆ జనం చిరునామా అయింది. ఇవాళ జనాభాలో సెయిలాండియా ఆ విమానం బొమ్మ నగరం కంటే పెద్దది.

ఉద్యోగాలిస్తే నిరుద్యోగం పెరిగింది

1964లో కెన్యా ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు. నగరాల్లో నిరుద్యోగం ఎక్కువైందని యజమానులూ ప్రభుత్వమూ కొత్తగా ఇంతమందిని తీసుకోవాలి, సంఘాలు కొన్నాళ్లు జీతాలు పెంచమనకూడదు. బావుంది కదా. ఆ కబురు పల్లెలకి చేరింది. పట్నంలో పని దొరుకుతోందట అని ఇంకా ఎక్కువమంది బయల్దేరారు. ఇచ్చిన ఉద్యోగాల కంటే వచ్చిన జనం ఎక్కువ!

జాన్ హారిస్, మైకేల్ టొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1970లో దీనికి ఒక సూత్రం కట్టారు. పల్లె మనిషి పట్నంలో ఇప్పుడు పని ఉందా లేదా అని మాత్రమే చూడడు, దొరికితే ఎంత వస్తుంది, దొరికే అవకాశం ఎంత అని రెండూ కలిపి బేరీజు వేస్తాడు అని. ఆ మాట చెప్పడానికి వాళ్లకి లెక్కలు కావలసివచ్చాయి గానీ, మా ఊరి బస్టాండులో ఏ కుర్రాణ్ణి అడిగినా చెప్పేవాడు.

"ఇంటికి డబ్బు పంపండి"

అదే కెన్యాలో 2007 మార్చిలో ఒక ఫోన్ కంపెనీ ఎం-పెసా అనే సదుపాయం తెచ్చింది. పెసా అంటే స్వాహిలీలో డబ్బు. మన 'పైసా'కి చుట్టమేనని చెవికి తెలిసిపోతోంది. మొదటి ప్రకటన సారాంశం ఒక్కటే: ఇంటికి డబ్బు పంపండి. నైరోబీలో కాపలా పని చేసేవాడు ఊళ్లో అమ్మకి డబ్బు చేర్చాలంటే అప్పటిదాకా బస్సు డ్రైవరు చేతిలో కవరు పెట్టడమో, ఊరెళ్లేవాడి కోసం కాచుకోవడమో చేసేవాడు. ఫోన్లో డబ్బు పంపుకునే అలవాటు లోకంలో ఇంత గట్టిగా నాటుకున్నది పెద్ద బజారుల్లో కాదు, ఇలా కొడుకు అమ్మకి పంపిన చిన్న మొత్తాల దగ్గర.

మన దగ్గర ఆ పని 1880 నుంచీ మనియార్డరు చేసింది. ఫారం అడుగున నాలుగు ముక్కలు రాసుకోవడానికి చోటుండేది. చాలా ఇళ్లలో డబ్బుకంటే ముందు ఆ ముక్కలే చదివించుకునేవాళ్లు. తపాలా శాఖ 2015లో ఆ పద్ధతికి సెలవు చెప్పింది.

పందులు పోయాక తెలిసింది

కైరోలో ఇంటింటి చెత్త ఎత్తే జనాన్ని 'జబ్బాలీన్' అంటారు. 1940ల నుంచి దక్షిణ ఈజిప్టు పల్లెల్లో భూమి లేక వచ్చినవాళ్లు. ఎక్కువమంది కాప్టిక్ క్రైస్తవులు. చెత్త తెచ్చి, ముకత్తమ్ కొండ కింద ఇంటి ముందు కుప్ప పోసి, ఇంటిల్లిపాదీ కూర్చుని వేరు చేస్తారు: ప్లాస్టిక్ ఒకవైపు, రేకు ఒకవైపు, కాగితం ఒకవైపు. తిండి ముక్కలు పందులకి. ఇలా తెచ్చినదాంట్లో 80 శాతం దాకా మళ్లీ వాడకంలోకి తెస్తారని వాళ్లకి పేరు.

2009లో స్వైన్‌ఫ్లూ భయంతో ప్రభుత్వం దేశంలోని పందుల్ని, సుమారు 3 లక్షలు, చంపించేసింది. ఆ జబ్బుకి ఆ పందులు కారణం కాదని వైద్యులు అప్పుడే చెప్పారు. తర్వాత ఏమైందో ఊహించొచ్చు. తిండి ముక్కలు తినేవి లేవు గనక వాటిని ఎత్తడం దండగ అనుకున్నారు చెత్త ఎత్తేవాళ్లు. కైరో వీధుల్లో కుళ్లు పేరుకుంది.

మత్స్యకార పల్లె అనే కట్టుకథ

చైనాలో షెంజెన్ గురించి ఎవరు చెప్పినా "ఒకప్పుడు చిన్న జాలరి పల్లె" అని మొదలుపెడతారు. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలం ప్రకటించేనాటికి ఆ ప్రాంతమంతా కలిపి లక్షల్లోనే జనం ఉన్నారు, బజారు ఉంది, రైలు స్టేషన్ ఉంది. అయినా పెరుగుదల మాత్రం కట్టుకథ కాదు. 2020 జనగణనలో షెంజెన్ జనాభా 1.75 కోట్లు.

అక్కడి పాత రైతులు పొలాలు పోయినా ఇంటి స్థలాలు పోగొట్టుకోలేదు. వాటి మీద అంతస్తు మీద అంతస్తు వేసి పల్లెల నుంచి వచ్చిన కార్మికులకి అద్దెకిచ్చారు. సందు వదిలితే అద్దె పోతుందని ఎంత దగ్గరగా కట్టారంటే, ఈ కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటివాళ్లకి ఉప్పు పొట్లం అందించొచ్చు. వాటిని 'కరచాలనం మేడలు' అంటారు. కింద సందులో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాలి.

చైనాలో 1958 నుంచీ మనిషి ఏ ఊరివాడో రాసిపెట్టే నమోదు పద్ధతి ఉంది, హుకౌ అంటారు. పల్లె హుకౌతో నగరంలో ఇరవయ్యేళ్లు పనిచేసినా పిల్లల బడికీ ఆస్పత్రికీ ఇబ్బందులే. పిల్లల్ని ఊళ్లో తాతల దగ్గర వదిలేసిన కుటుంబాలు కోకొల్లలు.

తలుపు వేసుకున్న నగరం

1970లో జకార్తా గవర్నరు నగరం తలుపులు మూసేస్తున్నట్టు ప్రకటించాడు. పనీ ఇల్లూ చూపించనివాడు రాకూడదు, తిరుగు ప్రయాణం ఖర్చు ముందే జమ చెయ్యాలి. ఆ తలుపు ఏపాటి గట్టిదో 2025లో తేలింది. ఐక్యరాజ్యసమితి కొత్త లెక్కల ప్రకారం ప్రపంచంలో అతి పెద్ద నగరం ఇప్పుడు జకార్తాయే, దాదాపు 4.2 కోట్ల జనంతో. రెండోది ఢాకా. చాలాకాలం మొదటి స్థానంలో ఉన్న టోక్యో మూడో స్థానానికి దిగింది.

జకార్తాలో పేదల వాడని 'కంపుంగ్' అంటారు. ఇండోనేసియా భాషలో పల్లెకీ అదే మాట. రంజాన్ పండక్కి జనం ఊళ్లకి వెళ్లడాన్ని 'ముదిక్' అంటారు, ఏటికి ఎదురుగా పైకి వెళ్లడమని అసలు అర్థం. సంక్రాంతికి విజయవాడ రోడ్డు మీద టోల్‌గేట్ల దగ్గర బారులు తీరిన కార్లు గుర్తొస్తున్నాయా? అదే సరుకు. కాకపోతే వాళ్లవి ఎక్కువగా మోటారు సైకిళ్లు, వెనక అట్టపెట్టె కట్టుకుని.

బొంబాయిలో, రంగూన్‌లో మనవాళ్లు

ముంబైలోని కామాటిపురా అనగానే జనానికి ఇంకేదో గుర్తొస్తుంది. ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగు కూలీలది. ఇళ్లూ రోడ్లూ కట్టిన ఆ పనివాళ్లని అక్కడ 'కామాటీలు' అనేవాళ్లు. మిల్లుల కాలంలో ఒంటరిగా వచ్చిన కార్మికులకి వండిపెట్టే 'ఖానావళ్లు' ముంబైలో వెలిశాయి. నడిపింది ఎక్కువగా ఆడవాళ్లు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె లక్షల మందిని రోడ్డున పడేసింది. మిల్లు మూతపడితే ఖానావళి పొయ్యి కూడా ఆరుతుంది.

రంగూన్‌లో తెలుగువాళ్ల పేరు 'కోరంగీలు'. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్లు గనక. ఓడరేవులో మూటలు మోసేవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లు. 1931 జనగణన నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది, 1930 మేలో, రేవు కూలీల సమ్మె నుంచి పుట్టిన అల్లర్లలో చాలామంది తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పదకొండేళ్లకి జపాన్ బాంబులు పడ్డాయి, వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. విశాఖలో 'బర్మా క్యాంపు' అని వినపడితే, ఆ పేరు వెనక ఓ సముద్రం ఉందని గుర్తుంచుకోండి.

ఎవరూ కదలకుండానే పట్నం

పల్లె మనిషి పట్నానికి వెళ్లకపోతే పట్నమే పల్లెకి వస్తుంది. మన జనగణనలో 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకి 400 మంది, మగ పనివాళ్లలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉంటే ఆ ఊరిని పట్టణంగా లెక్కగడతారు, పంచాయతీ ఆఫీసు బోర్డు మారకపోయినా సరే. ఇలాంటి 'లెక్కల పట్టణాలు' 2001లో 1,362. పదేళ్లకి 3,894. కేరళ పట్టణ జనాభా ఆ పదేళ్లలో 26 శాతం నుంచి 47 శాతం దాటింది. మూటలు సర్దుకున్నవాళ్లు కాదు, పొలం పని మానేసినవాళ్లు పెరిగారు.

అడ్డా

పొద్దున్న ఏడింటికి హైదరాబాద్‌లో ఏ పెద్ద కూడలికైనా వెళ్లండి. ఫుట్‌పాత్ పొడుగునా నూటయాభై మంది నిలబడి ఉంటారు. సంచిలోంచి తాపీ పిడి కనిపిస్తే మేస్త్రీ, రంగు మరకల బకెట్ ఉంటే పెయింటర్, చేతిలో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేకపోతే మామూలు కూలీ. బైకు ఆగడం ఆలస్యం, చుట్టూ ఇరవై మంది. "ఎంతమంది కావాలన్నా?" "ఇద్దరు. మట్టి ఎత్తాలి." బేరం అర నిమిషం. ఎనిమిదిన్నర దాటితే కూలి రేటు పడిపోతుంది. పదిన్నరకి మిగిలినవాళ్లు అక్కడే మెట్ల మీద సద్ది విప్పి తినేసి ఇంటిదారి పడతారు. ఇంటికి పట్టుకెళితే పని దొరకలేదని తెలిసిపోతుంది కదా.

నగరం చివర ఇటుక బట్టీలకి అడ్డాతో పని లేదు. అక్కడికి పశ్చిమ ఒడిశా నుంచి, కొత్త పంట పండగ 'నువాఖాయి' అయ్యాక, సర్దార్ అనే దళారీ ముందుగా ఇచ్చిన డబ్బుకి కట్టుబడి కుటుంబాలు దిగుతాయి. మొగుడూ పెళ్లామూ పిల్లా కలిసి ఒక జట్టు. ఆ జట్టుకి అక్కడ 'పథూరియా' అని పేరు.

మే ఒకటో తారీకు రైలు

2020 లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం నడిచిన మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది లింగంపల్లి నుంచి. మే 1, తెల్లవారుజామున. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న జార్ఖండ్ కూలీలు సుమారు 1,200 మంది. పెట్టెకి 72 మందికి బదులు 54 మందిని కూర్చోబెట్టారు. ముందస్తు ప్రకటన లేదు. ఆ రాత్రికి రాంచీ పక్కన హటియాలో దిగారు. ఆ రోజు కార్మిక దినోత్సవం కావడం కాకతాళీయమే. అలా మొదలైన రైళ్లలో మొత్తం 63 లక్షల మంది ఇళ్లకి చేరారు. అంతకుముందు రోడ్డెక్కి నడిచినవాళ్ల లెక్క వేరే.

కార్డు కూడా ప్రయాణిస్తుంది

ఆ నడక రోజుల్లో చాలామంది జేబులో రేషన్ కార్డు ఉంది. అది సొంతూరి కార్డు, ఇక్కడ పనికిరాదు అనుకున్నారు. నిజానికి ఒక రాష్ట్రం కార్డు మరో రాష్ట్రంలో వాడుకునే పద్ధతి 2019 ఆగస్టులో మొదట మొదలైన చోట్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల జంట ఒకటి, మహారాష్ట్ర, గుజరాత్‌లది ఇంకొకటి. 2022 నాటికి దేశమంతా వచ్చింది. ఆహార భద్రత చట్టం కింద కార్డు ఉన్నవాళ్లు తమ వాటాలో కొంత బియ్యం ఇక్కడ, మిగతాది ఊళ్లో ఇంటివాళ్లు అక్కడ తీసుకోవచ్చు. వేలిముద్ర పడితే చాలు. మీ వీధిలో కొత్త బిల్డింగు లేస్తుంటే, ఆ రేకుల షెడ్లో బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లుంటే, పక్క సందులో రేషన్ షాపు ఎక్కడుందో ఒకసారి చూపించండి.